జనం నవ్వే ముందు

మొగుడు పరుపులు అమ్ముతాడు, పెళ్ళాం దుప్పట్లు మడుస్తుంది, అయినా ఆ ఇంట్లో ఒక్కరికీ కంటినిండా నిద్ర లేదు. చుట్టాలు చెప్పుకునే హాస్యం ఇది. ఆ ఇంటి పెద్దాడు బతికున్న రోజుల్లో మొహం మీదే అనేవాళ్ళు. ఇప్పుడు వెనకాల అంటున్నారు, అంతే తేడా.

ఆమె పని పెద్దాసుపత్రి బట్టల గదిలో. నర్సుల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ ఆమె దుప్పట్లక్క. ఆరబెట్టే యంత్రంలోంచి వేడివేడిగా వచ్చిన దుప్పటిని ఇద్దరు చెరో రెండు కొసలూ పట్టుకుని, లాగి, విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి కలుపుతారు. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. రోజంతా అదే పని. యంత్రాల హోరులో మాట్లాడాలంటే అరవాలి. అరిచే ఓపిక లేనివాళ్ళు చెవిలో ఏదో ఒకటి పెట్టుకుంటారు. దుప్పట్లక్క చెవిలో ఎప్పుడూ ఒకటే పాట. అది అసలు పాటే కాదనేవాళ్ళూ ఉన్నారు. గరుకు అనే కుర్రాడు తాళానికి మాటలు దంచుకుంటూ పోయే ర్యాప్.

గరుకు ఎవరో తెలియనివాళ్ళు అప్పట్లో లేరు. అతని కోసం ప్రాణమిస్తామనే పిల్లలు ఎంతమందో, అతని నోరు కుట్టేయాలనే పెద్దలూ అంతమంది. బట్టల గదిలోనే చెరో రకం ఉన్నారు. ఒకచోట కాలు నిలవని పిల్ల కాబట్టి బొంగరం అని పేరు పడ్డ అమ్మాయి అభిమాని. బడి మొహం చూడకపోయినా అందరి తప్పులూ దిద్దుతుంది కాబట్టి టీచరమ్మ అనిపించుకున్నావిడ బద్ధ శత్రువు. వాళ్ళిద్దరికీ కలిపి దుప్పటి ఇస్తే అది చిరగవలసిందే.

"కన్నతండ్రిని పట్టుకుని ఆ కూతలేంటే? ఇంటిగుట్టు తీసుకెళ్ళి వీధిలో ఆరేసి, దాని మీద డబ్బు చేసుకుంటున్నాడు!"

"మా ఇంట్లో ఉన్నదేగా చెప్పాడు! అదే నేను చెబితే మా నాన్న పళ్ళు రాలగొడతాడు. ఆయన చెబితే జనం చప్పట్లు కొడుతున్నారు."

"నీకు నోరు లేక వాడి వెనకాల దాక్కుంటున్నావ్."

"అవును, దాక్కుంటున్నా! ఇన్నాళ్ళకి దాక్కోడానికి ఓ చోటు దొరికింది. నీకేంటి నొప్పి?"

చిత్రమేమిటంటే టీచరమ్మకి ఆ పాట మొదట్నుంచి చివరిదాకా నోటికొచ్చు. తిట్టడానికి నేర్చుకుందట. తిట్టడానికి అంత కష్టపడక్కర్లేదని ఆవిడకి ఎవరు చెబుతారు? ఆవిడ మొగుడు బతికున్నన్నాళ్ళూ ఎలాంటివాడో గదిలో అందరికీ తెలుసు.

దుప్పట్లక్క మాత్రం ఈ తగువులో వేలు పెట్టేది కాదు. నిజానికి ఆమెకి గరుకు నచ్చడు. సగం మాటలు చెవికి ముల్లులా గుచ్చుకునేవి, మిగతా సగం వేగానికి అర్థమయ్యేవే కావు. అయినా ఫోన్లో పాటల యాప్ ఒకరోజు, "మీరు గరుకు మహాభిమానుల్లో ఒకరు, అభినందనలు!" అని రంగురంగుల కాగితప్పూలు రాల్చింది. ఆమె ఆ పూలవైపు చూసి, ఆసుపత్రి బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

ఆ పాట పేరు 'కుక్కర్ మింగిన విజిల్'. మైదానంలో జనం మధ్య పాడినప్పుడు చేసిన రికార్డింగు అది. ఉద్యోగంలో తలొంచుకుని, ఇంటికొచ్చి తల ఎగరేసే తండ్రి మీద రాసిన పాట.

"బాసు ముందు నంగి నంగి, 
బస్సు దిగితే గొంతు పొంగి, 
గుమ్మంలో ఆ చెప్పుల చప్పుడుకి 
కుక్కర్ ఊరుకుంది విజిలు మింగి!"

అక్కడ డప్పు ఆగుతుంది. గరుకు ఆయాసపడుతూ జనాన్ని అడుగుతాడు: "ఇలాంటాయన్ని ఎక్కడైనా చూశారా?" ఒక్క క్షణం నిశ్శబ్దం. అందులోంచి, వేదికకి బాగా దగ్గర్నుంచి, ఒక కుర్రాడి కేక: "మా ఇంట్లోనే ఉన్నాడన్నా!" మైదానం మొత్తం గొల్లుమంటుంది. గరుకు కూడా నవ్వాపుకోలేక తర్వాతి చరణం తప్పిపోతాడు.

ఆ కేక పెద్దాడిది. వాళ్ళబ్బాయిది.

ఆ రికార్డింగు బయటికి వచ్చేసరికి వాడు లేడు. వానలో బండి మీద పని నుంచి వస్తుంటే లారీ గుద్దింది. వాడి ఫోను వాడితోపాటే నుజ్జయింది. ఇంట్లో ఫోటోలు బోలెడున్నాయి, వీడియోలూ ఉన్నాయి, కానీ అన్నిటిలోనూ వాడు గంతులేస్తుంటే మైకు మోతే తప్ప మాట వినబడదు. చెల్లెలు, ఇంట్లో చిన్నది అంటారు, ఒకరోజు బస్సులో ఈ పాట విని మధ్యలో దిగిపోయింది. ఇంటికొచ్చి మాట్లాడకుండా తల్లి చెవిలో పెట్టింది. తల్లి ఒక్కసారి విని, "ఇదెక్కడిదే? వాడెక్కడున్నాడే?" అంది. చావు తెలిసిన మనిషి అనే మాటేనా అది? కానీ అంది.

అప్పట్నుంచి అదే ఆమె కొడుకు. దుప్పటి కొసలు కలిసే చోటుకి ఆ కేక వచ్చేట్టు అడుగులు సర్దుకునేది. బొంగరం ఎదురుగా ఉంటే, ఎందుకో తెలియకపోయినా, ఆ పిల్ల కూడా దానికి తగ్గట్టే నడిచేది.

నాన్నకి మాత్రం చెప్పకూడదని తల్లీకూతుళ్ళు ఆరోజే అనుకున్నారు. ఎందుకో చెప్పాలంటే పరుపులాయన గురించి చెప్పాలి.

పరుపులాయన దుకాణంలో వెన్న. "పడుకుని చూడండి సార్, మొహమాటపడకండి, చెప్పులు నేను తీసి పెడతాను మేడమ్," అంటూ ఆయన పలికే తీరుకి కొననివాళ్ళు కూడా కాసేపు పడుకుని వెళ్ళేవాళ్ళు. యజమాని అందరి ముందూ గడ్డి పెట్టినా "తమ దయ" అని నవ్వేవాడు. ఆ నవ్వంతా దుకాణం షట్టరు వెనకే వదిలేసి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గినా, చెప్పు తిరగబడి ఉన్నా ఇంటి కప్పు లేచిపోయేది. కొట్టేవాడు కాదు. ఆ మాట ఆయన తరఫున చెప్పాలి. నోరే ఆయనకి కర్ర.

పెద్దాడికి అచ్చంగా ఆయన గొంతే వచ్చింది. ఫోనెత్తితే సొంత మేనత్త కూడా ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోలేకపోయేది. ఒకసారి యజమాని ఫోను చేస్తే వీడే ఎత్తి, తండ్రి యాసలో "తమ దయ సార్, తమ దయ" అని వంగివంగి మాట్లాడాడు. చిన్నది నవ్వాపుకోలేక దిండు కొరికింది. తండ్రి గుమ్మంలో నిలబడి విన్నాడని ఎవరూ చూడలేదు.

గరుకు మైదానంలో పాడే కార్యక్రమానికి వెళ్ళొద్దని ఆయన ఖరాఖండిగా చెప్పాడు. "తండ్రిని తిట్టేవాడి దగ్గరికి వెళితే తిరిగి ఈ గుమ్మం తొక్కకు" అన్నాడు. వాడు వెళ్ళాడు, తిరిగొచ్చి గుమ్మమూ తొక్కాడు. గేటు దగ్గర నిలబడి చూస్తున్న తండ్రి, వాడు కనబడగానే లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తండ్రీకొడుకులు ఒకే బల్ల మీద తింటూ "నాన్నని నీళ్ళందుకోమను", "వాణ్ణి జరగమను" అని దుప్పట్లక్క ద్వారా మాట్లాడుకున్నారు. ఇద్దరిదీ ఒకే గొంతు, ఒకే పంతం. ఒకరు మెట్టు దిగేలోపే వాన వచ్చింది, లారీ వచ్చింది.

"ఆ గరుకుగాడు నా కొడుకుని ముందే ఎత్తుకుపోయాడు. లారీ తర్వాత వచ్చింది," అనేవాడు ఆయన.

అలాంటి మనిషికి, నీ కొడుకు గొంతు మిగిలింది రమ్మని పిలిచి, వేలమందిని నీ మీద నవ్వించిన ఆ ఒక్క ముక్కా వినిపించాలా? అది వాడి ఆఖరి మాట అని ఆయన గుండెలో దిగబడిపోతే? అందుకే దాచింది. దాచడంలో ఇంకో స్వార్థం కూడా ఉంది. ఆ గొంతు తనకొక్కదానికే ఉండాలని కూడా ఆమెకి ఉంది. పాపం, ఆ మాత్రం స్వార్థానికి ఆమెని ఏమంటాం?

పార్కులో పొద్దున నడిచే పెద్దమనుషులు తండ్రుల గౌరవ సంఘం అని ఒకటి పెట్టారు. దానికి రిటైరైన హెడ్మాస్టారు అధ్యక్షుడు. ఆ పాటని తీయించాలని అర్జీ రాయాలనుకున్నారు. తియ్యని మాట రాయడంలో పరుపులాయన్ని మించినవాడు ఎవరున్నారు? ఒక సాయంత్రం ఆయన భోజనాల బల్ల దగ్గర అర్జీ గట్టిగా చదివాడు. వాక్యానికొక సంస్కారం, పేరాకొక భావితరం. కొడుకు పోయాక ఆ మనిషి కళ్ళలో వెలుగు చూడటం అదే మొదలు. చదవడం ముగించి, కాగితం ఆమె ముందుకి జరిపాడు.

"ముందు తల్లి సంతకం ఉంటే బాగుంటుంది. బిడ్డని పోగొట్టుకున్న తల్లివి."

చిన్నదాని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా!" అంది.

"ఏంటే? అమ్మని ఎందుకు పిలుస్తావ్?" అన్నాడాయన.

దుప్పట్లక్క కాగితం చూసింది, ఆయన మొహం చూసింది. పెట్టనంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే ఆ వెలుగు ఆరిపోతుంది. పైగా ఆమెకో ధీమా ఉంది. ఆ పాట పక్కన పచ్చ టిక్కు ఉంది కదా, అంటే ఫోన్లోకి దిగిపోయినట్టే, ఇక దాన్ని ఎవరు తీస్తారు? బీరువాలో పెట్టిన చీరని పక్కింటివాళ్ళు మాయం చేయగలరా? ఊళ్ళో అందరికీ ఆ పాట పోయినా తనకి ఉంటుందని లెక్కేసుకుని సంతకం పెట్టేసింది. ఆయన సంతోషంగా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. టీవీల్లో చర్చలు పెట్టారు. ఒక చర్చకి గరుకు కూడా వచ్చాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు విరుచుకుపడుతుంటే, "అది మా నాన్న కథండీ. ఆయన విన్నారు. విని, కుక్కర్ సంగతి నిజమేరా అన్నారు. ఆ తర్వాత చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు," అన్నాడు. హెడ్మాస్టారు "అబద్ధం!" అని బల్ల గుద్దాడు. పాటల కంపెనీవాళ్ళకి మాత్రం నిజాలతో పనేముంది? గొడవ తగ్గితే చాలు వాళ్ళకి. మైదానం రికార్డింగు తీసేసి, గదిలో కూర్చోబెట్టి కొత్తది పాడించారు. అందులో తండ్రి దేవుడు, కుక్కర్ ఊసే లేదు. అభిమానులు అమ్ముడుపోయావంటూ గరుకుని తిట్టారు, తిట్టేవాళ్ళు భయపడ్డాడంటూ ఇంకా తిట్టారు.

ఆరోజు బట్టల గదిలో యంత్రం దగ్గర వేడి దుప్పట్లు గుట్టగా పడి ఉన్నాయి. దుప్పట్లక్క చెవిలో పెట్టుకుని పాట నొక్కింది. నొక్కితే ఏమీ పలకలేదు. మళ్ళీ నొక్కింది. పాట పేరు బూడిద రంగులోకి మారిపోయి ఉంది, పచ్చ టిక్కు లేదు. ఫోను బొంగరానికి చూపించింది.

"తీసేశారుగా అక్కా! అందరి ఫోన్లలోంచీ పోయింది. అది మన దగ్గర ఉన్నట్టు కనబడుతుంది గానీ, వాళ్ళు ఉంచినన్నాళ్ళే."

"ఇది నాది కదమ్మా. ఇది నా ఫోన్లో ఉంది కదా," అంది దుప్పట్లక్క. అంటూ అంటూనే దుప్పట్ల గుట్ట మీద కూలబడి, యంత్రాల హోరుని మించి ఏడ్చింది. ఎవరెంత అడిగినా ఒకటే మాట: "నేనే సంతకం పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను." ఆ కేక వాళ్ళబ్బాయిదని చివరికి తెలిశాక బొంగరం పరిగెత్తి మంచినీళ్ళు తెచ్చింది. టీచరమ్మ వచ్చి ఆమె తల తన పొట్టకి అదుముకుని నిలబడింది. ఆవిడా ఆ అర్జీ మీద సంతకం పెట్టింది మరి.

ఇంటికెళ్ళేసరికి పరుపులాయన మిఠాయి పెట్టె తెచ్చి ఉన్నాడు. "తీయించేశాం! నీ సంతకమే గట్టిగా పనిచేసిందన్నారు హెడ్మాస్టారు. నోరు తీపి చేసుకో."

ఆమె ఆ పెట్టె వైపు చూసింది. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన ముందు ఎత్తని గొంతు ఎత్తింది.

"మీరు తీయించింది పాట కాదండీ. వాడి గొంతు! దాంట్లో వాడి గొంతుంది. వాడిది అదొక్కటే మిగిలింది నాకు. దాన్ని కూడా తీయించేశారు. నా చేత సంతకం కూడా పెట్టించారు. ఇద్దరం కలిసి పూడ్చేశాం వాణ్ణి, రెండోసారి!"

ఆయనకి మొదట అర్థం కాలేదు. చిన్నది ఏడుస్తూ అంతా చెప్పింది, ఆ ఒక్క ముక్క తప్ప. ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమన్నాడు?"

చిన్నది తల్లి వైపు చూసింది.

"వాడు ఏమన్నాడని అడుగుతున్నా. నా గురించేనా?"

"ఏమండీ, వద్దు," అంది ఆమె.

"చెప్పు."

చెప్పింది. అలాంటాయన్ని ఎక్కడైనా చూశారా అని గరుకు అడగడం, మా ఇంట్లోనే ఉన్నాడని వీడు అరవడం, జనం నవ్వడం, అన్నీ చెప్పింది. ఆయన బల్ల మీద పెట్టెనే చూస్తూ విన్నాడు. అరుస్తాడని తల్లీకూతుళ్ళు ఎదురుచూశారు. అరిస్తే బాగుండును కూడా అనుకున్నారు.

"కోపంగా అన్నాడా?" అని అడిగాడు చివరికి.

"లేదు. నవ్వుతూ అన్నాడు. వాడెప్పుడూ మిమ్మల్ని అనుకరించేటప్పుడు నవ్వుతాడే, అలా."

"నవ్వుతూనే?"

"ఒట్టు."

"మరి నాతో ఎందుకు మాట్లాడలేదు వాడు?" అని చిన్నపిల్లాడిలా అడిగి, అక్కడే అందరి ముందూ భోరుమన్నాడు. కొడుకు పోయినప్పుడు కూడా ఆ మనిషి అలా ఏడవలేదు.

ఆ తర్వాత ఆయన పార్కుకి వెళ్ళలేదు. దుకాణంలో పరుపు పక్కన నిలబడితే "పడుకుని చూడండి సార్" అనే మాట గొంతు దాటేది కాదట. చిన్నది గరుకు ఆఫీసుకి రాసింది, మా అన్న గొంతు మాకివ్వండని బతిమాలింది. "మీ ప్రేమే నాకు బలం!" అని జవాబొచ్చింది, పక్కన మూడు గుండె బొమ్మలు. లక్షలమందికి వెళ్ళే జవాబే అది. మళ్ళీ రాసింది, మళ్ళీ అవే గుండెలు. బొంగరం తనకి తెలిసిన అభిమానులందరినీ అడిగింది. వాళ్ళలో ఒకడి దగ్గర ఆరోజు తన ఫోన్లో తీసుకున్న వీడియో ఉంది. వాడు మైదానానికి ఆ చివర నిలబడి తీశాడు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ మంచం మీద కూర్చుని అది పెట్టుకున్నారు. అగ్గిపుల్లంత ఎత్తు గరుకు, మధ్యలో ఎవరెవరివో తలకాయలు, గలగల శబ్దం. పరుపులాయన ఆ పాట మొత్తం వినడం అదే మొదటిసారి. కుక్కర్ దగ్గరికొచ్చేసరికి ఆయన పెదవి ఒక మూల కదిలింది. డప్పు ఆగింది. "ఇలాంటాయన్ని ఎక్కడైనా చూశారా?" అన్నాడు గరుకు.

నిశ్శబ్దం. వీడియో తీసిన ఆ చివరిదాకా పెద్దాడి కేక రాలేదు. ఖాళీగా ఓ క్షణం గడిచింది. తర్వాత జనం గొల్లుమన్నారు.

"ఇంతేనా?" అన్నాడాయన.

"ఇంతే నాన్నా. దూరం కదా."

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే ఖాళీ, మళ్ళీ అదే నవ్వు. దుప్పట్లక్క భరించలేక లేచి వెళ్ళబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకపోతే, పాపం అంతమంది దేనికని నవ్వుతారే?" అన్నాడు. "ఇంకోసారి పెట్టమ్మా."

చిన్నది పెట్టింది. గరుకు అడిగాడు. ఆ ఖాళీలోకి, మంచం మీద మఠం వేసుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి, తల పైకెత్తి, నోటి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని కేకేశాడు:

"మా ఇంట్లోనే ఉన్నాడన్నా!"

మైదానం మొత్తం నవ్వింది.

దుప్పట్లక్క ఉన్నచోటే కూర్చుండిపోయింది. వాడి గొంతే. కాకపోతే బొంగురుపోయి, అరిగిపోయి, చివర్లో వణికింది. వాడు బతికుండి, పెళ్ళాడి, పిల్లల మీద అరిచి అరిచి, ఈయన వయసుకొచ్చి ఉంటే ఎలా ఉండేదో ఆ గొంతు. అది వినే భాగ్యం తనకి లేదనుకుంది ఇన్నాళ్ళూ. ఆమె ఆయన భుజం మీద మొహం పెట్టుకుంది.

"ఇంకోసారి అనండి," అంది.